పెరటి చెట్టు, ఐవీ లెటర్: ఒక కాలేజీ ఎంపిక కేసు

అమెరికాలో హైస్కూలు పిల్లలకి కాలేజీ అప్లికేషన్లలో దారి చూపించడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. ఈ కేసు 2024 మార్చి చివర్లో మొదలై మే 1కి ముగిసింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. రాష్ట్రం పేరు, రెండు కాలేజీల పేర్లు చెప్పను. డబ్బు అంకెల్ని కొంచెం అటూ ఇటూ జరిపాను, లెక్క తిరగబడేంత కాదు. గెలిచిన కేసని రాయడం లేదు. ఉన్న ఐదు వారాల్లో మూడు వారాలు నేను తప్పు ప్రశ్నకి జవాబు వెతుకుతూ గడిపాను. ఆ మూడు వారాల సంగతి తోటి కౌన్సెలర్లకీ, ఇదే చోట ఆగిపోయిన తల్లిదండ్రులకీ పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. తండ్రి 2000 ప్రాంతంలో ఎమ్మెస్‌కి వచ్చారు. తల్లి తొంభైల్లో ఎంసెట్ ర్యాంకుతో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 2 లక్షల 40 వేల డాలర్లు. ఇంటి మీద లోను నడుస్తోంది. అమ్మాయి పేరిట 529 ప్లాన్‌లో, అంటే కాలేజీ చదువు కోసం దాచుకునే ఖాతాలో, 1 లక్షా 40 వేలు ఉన్నాయి. రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడి పేరిట అందులో సగం. ఇండియాలో తాతగారి వైద్యానికి నెలనెలా డబ్బు వెళ్తోంది.

అమ్మాయికి లెక్కలంటే ఇష్టం, వాదించడం ఇంకా ఇష్టం. స్కూలు పత్రికలో బడ్జెట్ల మీద రాసేది. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ రెండూ చదవాలని ఉంది. ఆ తర్వాత లా స్కూలా, పబ్లిక్ పాలసీయా, ఉద్యోగమా అన్నది తేలలేదు. పదిహేడేళ్లకి తేలకపోవడమే సహజం.

రెండు లెటర్లు మిగిలాయి. ఒకటి సొంత రాష్ట్రపు ఫ్లాగ్‌షిప్, అంటే ప్రధాన ప్రభుత్వ యూనివర్సిటీది: స్టాటిస్టిక్స్‌లో సీటు, ఆనర్స్ కాలేజీ (మెరికల్లాంటి పిల్లలకి విడిగా నడిపే విభాగం), చిన్న స్కాలర్‌షిప్ పోగా ఏడాదికి అన్నీ కలిపి 31 వేలు. రెండోది ఐవీ లీగ్, అంటే హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఎనిమిది పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఒకదానిది: 4 వేల గ్రాంటు పోగా ఏడాదికి 84 వేలు.

వాళ్లు తెచ్చిన ప్రశ్న

మొదటి సమావేశంలో తండ్రి కుర్చీలో సర్దుకోకముందే అడిగారు. "మేడమ్, సూటిగా ఒక్క మాట చెప్పండి. మా స్టేట్ యూనివర్సిటీ ప్రెస్టీజ్‌లో దానికి సరితూగుతుందా, తూగదా?"

నేను నోరు తెరిచేలోపు తల్లి అందుకున్నారు. "మా రోజుల్లో ర్యాంకొస్తే ఫ్రీ సీటు, గవర్నమెంట్ కాలేజీ. ర్యాంకు రాకపోతే పేమెంట్ సీటు, ప్రైవేటు కాలేజీ. ఇది ర్యాంకొచ్చి కూడా పేమెంట్ సీటుకి వెళ్తానంటే నేనేమనుకోవాలండీ?"

నవ్వొచ్చింది గానీ, ఆవిడ మాట తీసిపారేసేది కాదు. మన తరానికి 'గవర్నమెంట్' అంటే ప్రతిభ, 'ప్రైవేటు' అంటే డబ్బు. ఇక్కడ చరిత్ర వేరేగా నడిచింది. హార్వర్డ్ 1636 నాటిది, దేశం కంటే ముందు పుట్టింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి అసలు ఊపు 1862 మోరిల్ చట్టంతో వచ్చింది. కేంద్రం రాష్ట్రాలకి భూములిచ్చి, వాటిమీద వచ్చే డబ్బుతో వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టమంది. అందుకే ఇక్కడ పాత పేరు ఎక్కువగా ప్రైవేటుది, పెద్ద తలుపు ప్రభుత్వానిది. అయినా గీత మనమనుకున్నంత తిన్నగా ఉండదు. న్యూజెర్సీ రాష్ట్ర విశ్వవిద్యాలయం రట్గర్స్ 1766లో పుట్టింది, ఐవీల్లో ఒకటైన డార్ట్‌మత్ కంటే పాతది. కార్నెల్ ప్రైవేటే, కానీ దాని వ్యవసాయ కళాశాల లాంటి కొన్నిటికి న్యూయార్క్ రాష్ట్రం డబ్బిస్తుంది, ఆ రాష్ట్రపు పిల్లలకి అక్కడ ఫీజు తక్కువ. ఐవీ లీగ్ అన్నదే 1954లో ఏర్పడ్డ ఆటల కూటమి పేరు. ఇదంతా చెప్పాను. తండ్రి మర్యాదగా విని, "సరే మేడమ్, తూగుతుందా?" అన్నారు.

ఆ యాభై నిమిషాల్లో అమ్మాయి అన్నది ఒకే మాట. "ఐ డోంట్ నో, ఆంటీ." అది అప్పుడు నా నోట్సులో రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

చేసిన ప్రయత్నాలు, తప్పిన గురి

ఇద్దరూ ఇంజనీర్లు కదా, అంకెలు మాట్లాడతాయనుకుని ర్యాంకుల పట్టికతో మొదలుపెట్టాను. నా వాదన ఇది. కాలేజీలకి ఏటా ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ 2023 సెప్టెంబర్‌లో తన లెక్క మార్చింది. క్లాసు సైజు, పూర్వ విద్యార్థుల విరాళాలు లాంటివి తీసేసి, తక్కువ ఆదాయపు పిల్లల్ని గట్టెక్కించే కాలేజీలకి బరువు పెంచింది. దాంతో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు పైకెక్కాయి. బర్క్‌లీ, యూసీఎల్ఏ రెండూ 15వ స్థానం పంచుకున్నాయి. ఆ ఏడాదిలో వాటి లైబ్రరీలు పెరగలేదు, ప్రొఫెసర్లు మారలేదు, మారింది సూత్రమే. పైగా ఆ స్కోరులో 20 శాతం, ఇతర కాలేజీల పెద్దలు 'మీ అభిప్రాయం ఏమిటి' అన్నదానికి ఇచ్చిన మార్కులే. అంటే పేరున్నవాటికి పేరుందని చెప్పడం.

తండ్రి ఒక్క వాక్యంతో ముగించారు. "సూత్రం మార్చినా ఐవీలు పైనే ఉన్నాయిగా మేడమ్?"

నా దగ్గర జవాబు లేదు. దాంతో పక్కకి జారాను. పోలియో టీకా పనిచేస్తుందని 1955లో ప్రకటించింది మిషిగన్ యూనివర్సిటీలో, మొజాయిక్ బ్రౌజర్ 1993లో పుట్టింది ఇల్లినాయ్‌లో, పీరియాడిక్ టేబుల్‌లో 97వ మూలకం బెర్కీలియం పేరే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఊరిది అని చెప్పుకొచ్చాను. ఆయన అన్నారు: "అవేవీ మా స్టేట్ కాదు కదండీ."

ఆయన అన్నది నిజం. ఆ మాట నాకు తర్వాత చాలా పనికొచ్చింది. 1985 నుంచి 'పబ్లిక్ ఐవీ' అనే మాట చలామణిలో ఉంది, బర్క్‌లీ, మిషిగన్, వర్జీనియా, నార్త్ కరోలినా లాంటివాటికి వాడతారు. కానీ 'స్టేట్ యూనివర్సిటీ' అనే మొత్తం గంపకి ఒకే పేరు ప్రతిష్ఠ లేదు. బర్క్‌లీకీ ఐవీలకీ ఉన్న దూరం కంటే, బర్క్‌లీకీ కొన్ని చిన్న రాష్ట్రాల ఫ్లాగ్‌షిప్‌లకీ ఉన్న దూరం ఎక్కువ. ఆ మెరుపుని తెచ్చి వేరే రాష్ట్రానికి అంటించబోయాను, అంటుకోలేదు.

రెండో వారం స్కోరు షీటు తయారుచేశాను. ఖర్చు, డిపార్ట్‌మెంటు బలం, క్లాసు సైజు, పేరు, ఇంటికి దూరం, ఇంటర్న్‌షిప్‌లు. ఒక్కోదానికి ఎంత బరువివ్వాలో ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోమన్నాను. నా ఉద్దేశం మంచిదే, ఎవరికి ఏది ముఖ్యమో కాగితం మీద బయటపడుతుందని. మూడు రోజుల్లో షీటు పదకొండు రూపాల్లో తిరిగొచ్చింది. ఐవీ గెలిచేదాకా తండ్రి బరువులు మార్చారు, స్టేట్ గెలిచేదాకా తల్లి మార్చారు. అమ్మాయి గడి ఖాళీ. ముందే తేల్చుకున్నదానికి సాక్ష్యం పుట్టించడానికి ఎక్సెల్‌ని మించింది లేదని నాకప్పుడు బాగా అర్థమైంది.

మూడోది నా తప్పు, కొంచెం వివరంగా చెప్పాలి. ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, ఆలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధన మా వృత్తిలో చాలామందికి నోటికొచ్చు. 1976లో కాలేజీల్లో చేరినవాళ్లని తీసుకుని, ఒకే రకం కాలేజీలకి అప్లై చేసి సీట్లు తెచ్చుకున్న పిల్లల్ని పోల్చారు. వాళ్లలో ఎక్కువ సెలెక్టివ్, అంటే సీటు దొరకడం మరీ కష్టమైన కాలేజీకి వెళ్లినవాళ్లూ, వెళ్లనివాళ్లూ తర్వాత దాదాపు ఒకేలా సంపాదించారు. నేను దాన్ని కుదించి ఈ-మెయిల్లో ఇలా రాశాను: "ఎక్కడ చదివినా జీతం ఒకటే. పిల్ల ముఖ్యం, కాలేజీ కాదు."

మర్నాడు పొద్దున్నే తండ్రి వాట్సాప్‌లో ఒక వార్త పంపారు. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023 జులైలో విడుదల చేసిన పరిశోధన అది. ఎనిమిది ఐవీలూ, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి పన్నెండింటిని, పేరున్న ప్రభుత్వ ఫ్లాగ్‌షిప్‌లతో పోల్చారు. సగటు జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఆదాయంలో పై 1 శాతంలోకి చేరే అవకాశం ఇంచుమించు సగం మేర పెరిగింది, పేరున్న గ్రాడ్యుయేట్ స్కూల్లో చేరే అవకాశం దాదాపు రెట్టింపైంది, పేరున్న సంస్థల్లో ఉద్యోగం మూడు రెట్లైంది. కింద ఆయన మెసేజ్: "మీరు ఒకటే అన్నారు?"

సగటు గురించిన మాటని నేను అందరికీ వర్తించే మాటగా చెప్పాను. ఫోన్ చేసి ఒప్పుకున్నాను. డేల్, క్రూగర్ కూడా అందరికీ ఒకటే అనలేదు. చదువుకోని తల్లిదండ్రుల పిల్లలకీ, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకీ సెలెక్టివ్ కాలేజీ వల్ల మేలు కనబడిందని వాళ్ల తర్వాతి పనిలో ఉంది. ఇద్దరూ ఇంజనీర్లైన ఈ ఇంటి పిల్ల ఆ కోవలోకి రాదు, కానీ ఆ మినహాయింపు దాచడం నా పని కాదు. తల్లి చూపిన పేమెంట్ సీటు పోలికకి కూడా చెట్టి బృందం కాగితంలో కొంత ఆధారముంది. ఒకే టెస్టు స్కోరున్న పిల్లల్లో మధ్యతరగతి వాళ్లకంటే పై 1 శాతం సంపన్నుల పిల్లలు ఈ పన్నెండిట్లో చేరే అవకాశం రెట్టింపుకి పైనే. అది చెప్పగానే ఆవిడ భర్త వైపు ఒక చూపు చూశారు. ఇంట్లో ఆ సాయంత్రం ఎలా గడిచిందో నేను అడగలేదు.

పూర్వ విద్యార్థులతో మాట్లాడించాను కూడా. ఎవరి కాలేజీని వాళ్లు మెచ్చుకున్నారు.

ఐవీ కాలేజీకి ఆర్థిక సాయం అప్పీలు పెట్టించడంలో మాత్రం కొంచెం ఫలితం వచ్చింది. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం మనవాళ్లలో బాగా ఉంది. 'ఫలానా చోట స్కాలర్‌షిప్ ఇచ్చారు, మీరూ ఇవ్వండి' అని బేరమాడొచ్చనుకుంటారు. ఐవీలు మార్కులకో ప్రతిభకో స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. కాబట్టి అవసరమే చూపాలి. తాతగారి ఆస్పత్రి బిల్లులు, ఇండియాకి పంపిన డబ్బు రశీదులు జతచేశాం. రెండేళ్లలో తమ్ముడు కూడా కాలేజీకొస్తాడన్నదీ రాశాం. 2024–25 నుంచి కేంద్ర ప్రభుత్వ సాయానికి నింపే ఫాఫ్సా ఫారం ఇంట్లో ఎంతమంది కాలేజీలో ఉన్నారన్నది లెక్కలోకి తీసుకోవడం మానేసింది, సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా అడిగే ప్రైవేటు కాలేజీలు చాలావరకు ఇంకా చూస్తాయి. గ్రాంటు 4 వేల నుంచి 6 వేలైంది. ఏడాదికి 82 వేలు. ఏటేటా పెరిగే ఫీజు కూడా కలిపితే నాలుగేళ్లకి సుమారు 3 లక్షల 48 వేలు. స్టేట్‌లో 1 లక్షా 30 వేలు. తేడా 2 లక్షల 15 వేలు దాటింది.

అప్పటికి ఏప్రిల్ 17. గడువుకి రెండు వారాలు.

ఎక్కడ మలుపు తిరిగింది

ఆ వారం జూమ్ ముగిశాక తల్లీ కూతురూ లేచి వెళ్లారు, తండ్రి కెమెరా ఆపలేదు. కాసేపు ఊరుకుని అన్నారు: "నాకు ఎమ్మెస్‌కి రెండు ఐ-20లు వచ్చాయి మేడమ్, అదే, వీసా కోసం కాలేజీలు పంపే సీటు కాగితాలు. ఒకటి పెద్ద పేరున్న ప్రైవేటు. రెండోది చిన్న స్టేట్ యూనివర్సిటీ, అసిస్టెంట్‌షిప్ ఇచ్చారు. నాన్న దగ్గర డబ్బుల్లేవు. రెండోదానికే వెళ్లా. ఇరవై నాలుగేళ్లైంది, ప్రతి ఇంటర్వ్యూలో ఆ కాలేజీ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది."

మూడు వారాలుగా 'సరితూగుతుందా' అని ఆయన అడుగుతున్నది కూతురి కాలేజీ గురించి కాదు. నేనేమో ర్యాంకులతో జవాబిస్తున్నాను.

ఆ రాత్రి ముగ్గురికీ వేరువేరుగా ఒకే ప్రశ్న పంపాను. "అమ్మాయి స్టేట్‌కి వెళ్తే మీకు ఏం పోతుంది? ఒక్క వాక్యం. ఇంట్లో ఒకరికొకరు చూపించుకోవద్దు." బరువుల షీటు అడగనిది ఇదే. అది ఏది ముఖ్యమని అడిగింది, ఏది పోతుందని అడగలేదు. మనిషి మొదటిదానికి మర్యాదగా, రెండోదానికి నిజంగా జవాబు చెబుతాడని నా అనుభవం.

తండ్రి రాశారు: డబ్బు కోసం మళ్లీ వెనక్కి తగ్గినట్టుంటుంది. తల్లి రాశారు: ఏమీ పోదు, అప్పు తప్పుతుంది. అమ్మాయి రాసింది: "నా స్కూల్ నుంచి నలభైమంది అక్కడికే వెళ్తున్నారు. నాలుగేళ్లు అంత కష్టపడి నేనెక్కడికీ వెళ్లనట్టే ఉంటుంది."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదీ ఆ పిల్ల బాధ. వేరే రాష్ట్రంలోని కొలంబస్ నుంచో బోయిసీ నుంచో ఎవరైనా ఆ యూనివర్సిటీకి వస్తే గొప్పగానే వస్తారు. తనకది బస్సులో ఫీల్డ్ ట్రిప్‌కి వెళ్లిన చోటు. ఆ వాక్యంలో ప్రెస్టీజ్ అన్న మాటే లేదు.

దాని మీద రెండు పనులు పెట్టుకున్నాం.

మొదటిది, ఎవరి కళ్లలో పేరు అన్నది విడగొట్టడం. ఈ డిగ్రీని నిజంగా చూసేవాళ్లెవరు, ఎప్పుడు చూస్తారు అని అమ్మాయి చేతే రాయించాను. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ ఇచ్చేవాళ్లు. లా స్కూలు, పాలసీ స్కూలు అడ్మిషన్ల వాళ్లు. రికమెండేషన్ రాయాల్సిన ప్రొఫెసర్. వారాంతం పార్టీల్లో అంకుల్స్. ఇండియాలో తాతగారు.

పెద్ద కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ సంస్థలు తమకి నచ్చిన కొన్ని క్యాంపస్‌లకే వెళ్లి మనుషుల్ని ఎంచుకుంటాయి, అక్కడ ఐవీకి స్పష్టమైన మొగ్గు ఉంది. సరితూగదు. అది దాచకుండా రాశాం. లా స్కూళ్లు ముందు చూసేవి ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ మార్కులు. తేడా ఉంది గానీ, అంత లేదు. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లకొస్తే పేరు తిరగబడుతుంది. బర్క్‌లీ, వాషింగ్టన్, మిషిగన్, విస్కాన్సిన్, నార్త్ కరోలినా స్టేట్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీలు ఆ రంగంలో ముందు వరసలో ఉన్నాయి. ఈ కుటుంబపు రాష్ట్రంలో ఆ డిపార్ట్‌మెంటు ఐవీ కాలేజీదానికి తీసిపోదు. ఇక్కడ తల్లి గుర్తుచేశారు, స్టాటిస్టిక్స్‌లో ప్రపంచ పేరున్న సి.ఆర్. రావుగారు చదివింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, అమెరికా వచ్చాక పనిచేసింది పిట్స్‌బర్గ్‌లో, పెన్ స్టేట్‌లో అని. ఈసారి తండ్రి 'అది మా స్టేట్ కాదు' అనలేదు.

పార్టీల్లో అంకుల్స్ దగ్గర అమ్మాయి పెన్ను ఆపి నవ్వింది. "వాళ్లకి లెటర్ వచ్చిందని చెప్తే చాలు కదా ఆంటీ?" ఆ మాట నేను ఊహించలేదు. డేల్, క్రూగర్ తేల్చిందాని అంచు కూడా అదే. సీటు తెచ్చుకోగల సత్తా పిల్లలోనే ఉంది, లెటర్‌తో పాటు పోదు.

రెండోది, మామూలు మంగళవారం నాడు రెండు క్యాంపస్‌లకీ వెళ్లడం. కొత్తగా సీటొచ్చినవాళ్లకి కాలేజీలు పండగ చేసి చూపించే రోజులుంటాయి, వాటికి వద్దన్నాను. ఆ రోజు చూసేది పెళ్లిచూపుల నాటి ఇల్లు. స్టేట్‌లో ఎకనామిక్స్ మొదటి క్లాసు మూడు వందల మందితో నిండిన హాలు. అమ్మాయి మొహం మాడిపోయిందట. ఐవీలో కూర్చున్న మొదటి ఏడాది ఎకనామిక్స్ క్లాసూ ఇంచుమించు అంతే. హార్వర్డ్‌లోనే పరిచయ ఎకనామిక్స్ కోర్సులో వందల మంది ఉంటారు. చిన్న క్లాసులు ఐవీలో త్వరగా మొదలవుతాయి, స్టేట్‌లో ఆనర్స్ సెక్షన్లలోనూ మూడో ఏడాది నుంచీ దొరుకుతాయి. తేడా ఉంది. ఆమె భయపడ్డంత లేదు.

ఆ ప్రయాణంలో నేను అడగమన్న రెండు ప్రశ్నలు చివరికి ఎక్కువ తూకం వేశాయి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలకి, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలకి, క్రెడిట్ ఇస్తారా? చాలామంది ప్రెస్టీజ్ లెక్కలో ఇది మర్చిపోతారు. డార్ట్‌మత్ 2018లో బయటికొచ్చే బ్యాచ్ నుంచి ఏపీకి క్రెడిట్ మానేసింది, బ్రౌన్ కూడా డిగ్రీకి లెక్కించదు. ఈ ఐవీ కూడా పై కోర్సులో కూర్చోబెడుతుంది గానీ ఏడాది తగ్గించదు. స్టేట్‌లో ఆమె తొమ్మిది ఏపీలకి 32 క్రెడిట్లు, డిగ్రీకి కావాల్సిన 120లో పావు వంతు పైమాటే. రెండో ప్రశ్న: మనసు మారితే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోనిస్తారా? ఇది స్టేట్‌కి బలహీనత. ఐవీలో రెండేళ్ల దాకా తేల్చుకోకపోయినా అడిగేవాళ్లుండరు. స్టేట్‌లో బిజినెస్ స్కూలుకి వేరే అప్లికేషన్, కంప్యూటర్ సైన్సుకైతే దాదాపు తలుపు మూసినట్టే. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలోనూ ఇల్లినాయ్‌లోనూ కంప్యూటర్ సైన్సులో నేరుగా సీటు రానివాళ్లు తర్వాత మారడం చాలా కష్టం. ఈ అమ్మాయికి స్టాటిస్టిక్స్ సీటు చేతిలో ఉంది, ఎకనామిక్స్‌కి అడ్డు లేదు. కంప్యూటర్ సైన్సే కావాలని, ఆ సీటు రాకుండా వేరే మేజర్‌లో వచ్చినట్టయితే నేను ఇదే కేసులో ఇంకోలా మాట్లాడేదాన్ని.

ఇక డబ్బు. 'భరించగలమా' అని అడిగితే మన తల్లిదండ్రులు ఎప్పుడూ 'చూసుకుందాం' అంటారు, పొలమమ్మైనా చదివించిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. అందుకని అలా అడగలేదు. ఆ 2 లక్షల 15 వేలతో ఇంకేం చేయొచ్చో రాయమన్నాను. 529లో ఉన్నదాంతో స్టేట్ చదువు మొత్తం అయిపోతుంది, కొంచెం మిగిలితే తమ్ముడి పేరుకి మార్చుకోవచ్చు. ఐవీకైతే ఏటా మరో 52 వేలు ఎక్కడినుంచో తేవాలి, అందులో రెండేళ్లు తమ్ముడి ఫీజూ తోడవుతుంది. తండ్రి కాగితం చూసి అడిగారు, "లా స్కూలుకి వెళ్తే పేరున్న చోటికే పంపిస్తా, ఆ డబ్బు అప్పటికి ఉంచితే?" ఆ ప్రశ్నతో ఆయన ఐ-20 కథ మూతపడింది. వెనక్కి తగ్గడం కాదు, వాయిదా.

ఏప్రిల్ 28న అమ్మాయి స్టేట్ అంది. మూడు షరతులు తనే పెట్టింది: స్కూలు స్నేహితులతో రూమ్ పంచుకోను, మొదటి సెమిస్టర్‌లోనే ఒక ప్రొఫెసర్ దగ్గర పని అడుగుతా, మిగిలిన డబ్బులో 60 వేలు గ్రాడ్యుయేట్ స్కూలుకని నా ముందు రాసిపెట్టండి. తండ్రి సంతకం కూడా పెట్టారు.

ఆ తర్వాత

రెండేళ్లైంది. ప్రొఫెసర్ దగ్గర పని మూడో ప్రయత్నంలో దొరికింది, ఆస్పత్రి రికార్డుల మీద. గత శీతాకాలం ఒక కన్సల్టింగ్ సంస్థ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేస్తే ఇంటర్వ్యూ పిలుపే రాలేదు. ఆ సంస్థ ఈ క్యాంపస్‌కి రాదు. ఐవీలో చేరిన ఆమె స్నేహితురాలిని ఆ సంస్థవాళ్లు క్యాంపస్‌లోనే కలిసి, భోజనం పెట్టి మరీ మాట్లాడారు. నాకు ఫోన్ చేసి చెప్పింది, గొంతులో కోపముంది. "మీరు ముందే చెప్పారు ఆంటీ, అయినా మండుతోంది." మండాల్సిందే. కాగితం మీద 'సరితూగదు' అని రాసుకున్న చోటే తగిలింది. ఆమె నిర్ణయం సరైనదా అంటే లా స్కూలు ఫలితాలొచ్చేదాకా నేను చెప్పలేను.

తండ్రి మాత్రం పార్టీల్లో "దానికి ఐవీ వచ్చిందండీ, అదే వద్దంది" అంటున్నారట. ఆ పేరుకి ఆయన కట్టిన రుసుము అప్లికేషన్ ఫీజు ఒక్కటే.

నా పద్ధతిలో మారినవి

మొదటి సమావేశంలో ర్యాంకుల పట్టిక తెరవను. 'ఏం పోతుంది' కాగితాలు ముందు, ముగ్గురివీ వేరువేరుగా. పరిశోధనలు చెబితే సగటు ఏది, అంచు ఏది అన్నది ఒకే వాక్యంలో కలిపి చెబుతాను. పిల్ల మాట్లాడని సమావేశాన్ని సమావేశంగా లెక్కపెట్టను.

ఈ కేసు తీర్పుని వేరే ఇంటికి అంటించొద్దని కూడా చెబుతున్నాను. తక్కువ ఆదాయపు కుటుంబానికైతే ఐవీలే చాలాసార్లు స్టేట్ కంటే చవక పడతాయి. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకి ఫాఫ్సా సాయం లేదు, సొంత రాష్ట్రపు ఫీజు వర్తించేదీ లేనిదీ రాష్ట్రాన్ని బట్టి, వాళ్ల లెక్క మొదటి గడి నుంచే వేరు. 2025 జులైలో వచ్చిన చట్టం 2026 జులై 1 నుంచి తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోనుని ఒక్కో బిడ్డకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేల దగ్గర ఆపింది. లా స్కూలుకి కేంద్రం ఇచ్చే లోనుకీ పరిమితి పెట్టింది. ఆ 60 వేలు పక్కన పెట్టమన్న పిల్ల మా అందరికంటే ముందు చూసింది. ఇంకోవైపు 2024 చివరి నుంచి పెద్ద ప్రైవేటు కాలేజీలు సాయం గీత పైకి జరుపుతున్నాయి. ఎంఐటీ, పెన్, హార్వర్డ్ 2 లక్షల ఆదాయం దాకా ట్యూషన్ ఫీజు తీసేశాయి, 2025 ఆగస్టులో ప్రిన్స్‌టన్ 2 లక్షల 50 వేల దాకా చాలా కుటుంబాలకి ట్యూషన్ ఉండదంది. సాయం పోగా మీ ఇంటికి ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ దాదాపు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పాత ఏడాది ప్రింటు పట్టుకురావద్దంటున్నాను.

నిరుడు తమ్ముడి ఫైలు తెరిచాను. తండ్రి ఈసారి ప్రెస్టీజ్ ఊసెత్తలేదు, నాలుగు కాలేజీల కాలిక్యులేటర్ ప్రింట్లు బల్ల మీద పెట్టారు. వాడికి మెకానికల్ కావాలి, అక్క చదివే చోటే కావాలి. తల్లి ఆ ప్రింట్లు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ప్రిన్స్‌టన్‌ది మళ్లీ పైకి తీశారు.

"వాడు ఒకసారి ఇదీ చూస్తే బాగుంటుందేమోనండీ," అన్నారు. "ఈసారి ఫ్రీ సీటు ఇదేలా ఉంది."